బూడిద చల్లిన తోటకూర

మిరపకాయలు ఎండబెట్టినట్టు పెరట్లో కరెంటు వైర్లు ఎండబెట్టుకునే ఇల్లు ఆ ఊళ్ళో ఒక్కటే ఉంది. రాజమండ్రి నుంచి కోరుకొండ వెళ్ళే దారిలో, లూథరన్ చర్చి వెనక సందులో, విజయ్ పాల్ గారిల్లు. తడి వైరు సరిగ్గా కాలదు, పొగ మాత్రం వీధంతా కమ్మేస్తుంది. ఆ సంగతి విజయ్ పాల్‌కి తెలీదు, ఆయన భార్య తబితకి తెలుసు. అందుకే వాన వెలిస్తే చాలు, పొద్దున్నే పాత కంప్యూటర్ల కేబుళ్ళు, చార్జర్ల తీగలు, టీవీల్లోంచి పీకిన చుట్టలు అన్నీ చాప మీద పరుస్తుంది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక పెరటి పొయ్యి ముట్టిస్తుంది. పైనున్న తొడుగు కాలిపోతే లోపల రాగి ఎర్రగా బయటపడుతుంది. దాన్ని కడిగి, కట్టలు కట్టి గోనెసంచిలో వేసి పెడితే సాయంత్రం విజయ్ పాల్ బండి మీద పట్టుకుపోతాడు. పోతూ పోతూ, "ఏం చేశావే పొద్దుట్నుంచీ?" అని అడుగుతాడు. పాపం, కోపంగా కాదు. ఇంటికొచ్చిన మగాడు అడగాల్సిన మాట అదేనని ఆయన అనుకుంటాడు, అంతే.

తబిత కూడా ఆ మాటకి ఎప్పుడూ నొచ్చుకోలేదు. నొచ్చుకునే రకం కాదు ఆవిడ. ఉన్నదాంట్లో సుఖం వెతుక్కోవడం ఆవిడకి పుట్టుకతో వచ్చింది. పొగలో కళ్ళు మండుతున్నా, నల్లటి చుట్టలోంచి ఎర్రటి రాగి తొంగిచూసినప్పుడు ఆవిడకి నిజంగానే సంతోషం. పాత సెట్‌టాప్ బాక్సు మూత తీస్తే లోపల పచ్చటి బోర్డు మీద చిన్న చిన్న ఊళ్ళూ వీధులూ ఉన్నట్టుంటుందని కూతురు హెలెన్‌కి చూపించి ముచ్చటపడేది. విజయ్ పాల్ షాపు సెంటర్లో ఉంది, 'విజయ్ ఎలక్ట్రానిక్స్' అని బోర్డు. ఒకప్పుడు టీవీలూ ఫోన్లూ బాగుచేసేవాడు. ఇప్పుడు జనం బాగుచేయించుకోవడం మానేసి, పారేసి కొత్తవి కొనుక్కుంటున్నారు. దాంతో రిపేర్ల షాపు కాస్తా మెల్లిగా పాతసామాన్ల షాపైంది. పనికొచ్చేవి షాపులో ఉంటాయి, కాల్చాల్సినవీ కరిగించాల్సినవీ ఇంటికొస్తాయి. పాతబడ్డ దోసెల పెనం మీద సర్క్యూట్ బోర్డు వేడిచేసి, దాని మీది ముక్కల్ని పట్టకారుతో ఊడదీయడం కూడా తబిత పనే. మొదట్లో ఆ వాసనకి తల తిరుగుతోందని అంటే అత్తగారు సంపూర్ణమ్మ నవ్వేసింది. "ఆడదానికి పొయ్యి కొత్తేంటమ్మాయ్? అన్నం వండే చెయ్యి ఇదీ వండుతుంది." అలా అదీ వంటల్లో కలిసిపోయింది. దానికి కూలీ లేదు, పనన్న పేరూ లేదు. ఎవరైనా అడిగితే విజయ్ పాల్, "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందండి, ఖాళీ" అనేవాడు.

పొయ్యికి అవతల, గోడ వారగా తబిత తోట. తోటకూర, బచ్చలి, గోంగూర, పందిరి మీద కాకర. అది మాత్రం ఆవిడ సామ్రాజ్యం. ఆకులకి పురుగు పడితే సంపూర్ణమ్మ మందు ఒక్కటే, బూడిద. "మా పుట్టింట్లో బూడిద చల్లని పాదు లేదు, పురుగు పట్టిన కాయా లేదు" అనేది. గ్యాసు వచ్చాక ఇంట్లో కట్టెల బూడిదెక్కడుంది? ఉన్నదల్లా పెరటి పొయ్యిలోదే. వైర్లు కాల్చగా మిగిలింది. బూడిద బూడిదే కదా అని చేటలో వేసి, పొద్దున్నే మంచు ఆరకముందు ఆకుల మీద చల్లేవాళ్ళు అత్తాకోడళ్ళు. పురుగూ పట్టేది కాదు. ఆ తోటకూర చూసి వీధిలోవాళ్ళంతా ఓ కట్ట అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు. ఏటా చర్చిలో కోత పండుగకి ప్రతి ఇంటినుంచీ ఏదో ఒక పంట తెచ్చి బల్ల దగ్గర పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. ఆ వేలంలో అందరికంటే ఎక్కువ పాట పలికేది ఈ ఇంటి బుట్టే. వేలం పాడే శ్యాంబాబు గారు బుట్ట పైకెత్తి, "విజయ్ పాల్ గారి తోటకూరండీ, చూడండి ఎలా నిగనిగలాడుతుందో!" అని అరిచేవారు. మగవాళ్ళ వైపు కూర్చున్న విజయ్ పాల్ మొహమాటంగా నవ్వేవాడు. నీళ్ళు పోసేది నేను, నవ్వేది ఆయనా అనుకునేది తబిత. అనుకుని తనూ నవ్వేసేది.

ఈ ఏడు హెలెన్‌కి ఒంట్లో బాగోలేదు. మూడో తరగతి పిల్ల. తరచూ కడుపునొప్పి అంటుంది, మొహం పాలిపోయింది, నిన్న చదివిన పద్యం ఇవాళ గుర్తుండదు. "పిల్ల క్లాసులో కూర్చున్నచోటే ఉంటుందండీ, మనసు మాత్రం ఎక్కడికో పోతుంది" అని టీచరుగారు కబురంపింది. నులిపురుగులేమోనని మందు వేశారు. దిష్టి అనుకుని సంపూర్ణమ్మ, పాస్టరుగారికి తెలియకుండా, ఉప్పుతో దిగదీసి పారేసింది. విజయ్ పాల్ మాత్రం భార్యనే అన్నాడు. "ఇంట్లోనే ఉంటావు కదా, పిల్ల ఏం తింటుందో చూసుకోలేవా? నేను షాపు చూసుకోనా, ఇదీ చూసుకోనా?" ఆ మాట గుచ్చుకుంది తబితకి. తన మీద ఏ మాటైనా దులిపేసుకోగలదు గానీ పిల్ల విషయంలో మాట పడటం ఆవిడవల్ల కాదు. రక్తం పట్టాలంటే తోటకూర పెట్టాలని ఎవరికి తెలీదు? రోజూ పెట్టింది. పప్పులో వేసి, వేపుడు చేసి, పిల్ల మొహం తిప్పుకుంటే బతిమాలి, గోరుముద్దలు కలిపి మరీ పెట్టింది. పిల్ల మరింత పాలిపోయింది.

చివరికి రాజమండ్రిలో పిల్లల డాక్టరు హేమశ్రీ గారి దగ్గరకి తీసుకెళ్ళారు. చిన్న వయసావిడే, మాట నెమ్మది. హెలెన్ కనురెప్పలు కిందికి లాగి చూసింది, గోళ్ళు చూసింది, పాత రిపోర్టులు తిరగేసింది. తరువాత అడిగింది, "ఇంట్లో ఎవరైనా బ్యాటరీల పనిగానీ, రంగుల పనిగానీ, పాత ఎలక్ట్రానిక్ సామాన్ల పనిగానీ చేస్తారా?"

"నాకు షాపుందండి," అన్నాడు విజయ్ పాల్. "సెంటర్లో. ఇంటికి చాలా దూరం. పిల్ల ఎప్పుడూ అటు రాదండి."

"ఇంట్లో ఏమీ చెయ్యరా?"

"ఆయ్, ఇంట్లో ఏం లేదండి."

"మరి ఆవిడ ఏం చేస్తారు?"

"మా ఆవిడాండీ? ఏం చెయ్యదండి. ఖాళీగా ఇంట్లోనే ఉంటుంది."

ఆయన అబద్ధం చెప్పలేదు. అదే తబితకి ఒళ్ళు జల్లుమనిపించింది. పక్కన కూర్చున్న మనిషి నిజమనుకునే చెబుతున్నాడు. ఇన్నేళ్ళ పొగ, ఇన్నేళ్ళ పెనం, వేళ్ళ సందుల్లో ఎంత తోమినా పోని ఆ నలుపు, ఇవేవీ ఆయన కంటికి పని కాదు. పని కాదు కాబట్టి డాక్టరుకి చెప్పాలని తట్టనే లేదు. డాక్టరుగారు ఆ మాట కాగితం మీద రాసుకోబోతోంది. రాసుకుంటే పిల్లకి ఏ మందిస్తుందో, ఎన్నాళ్ళిస్తుందో! తబిత చీరకొంగు సర్దుకుని నోరు విప్పింది. "నేను చేస్తానండి. పెరట్లో వైర్లు కాలుస్తాను. బోర్డులు పెనం మీద వేడిచేసి ముక్కలు తీస్తాను. చాలా ఏళ్ళైందండి. పిల్ల అక్కడే నా పక్కన ఆడుకుంటుంది."

డాక్టరుగారి పెన్ను ఆగిపోయింది. విజయ్ పాల్ భార్యకేసి, ఆవిడెవరో కొత్త మనిషన్నట్టు చూశాడు.

రక్తం తీసి బయట ల్యాబుకి పంపించారు. ఫలితం వచ్చాక మళ్ళీ పిలిచారు. హెలెన్ ఒంట్లో సీసం ఉందని, ఉండకూడనంత ఉందని చెప్పింది డాక్టరుగారు. "కంగారు పడకండి. త్వరగానే వచ్చారు. ఎక్కడినుంచి వస్తుందో అది ఆపేస్తే నెమ్మదిగా తగ్గుతుంది. మందులు రాస్తాను, మంచి తిండి పెట్టండి, కొన్నాళ్ళకి మళ్ళీ చూద్దాం. మీరు కూడా పరీక్ష చేయించుకోవాలమ్మా. ఆ వైర్లు కాల్చకూడదు. వాటిని మెషీన్లతో వలిచే కంపెనీలున్నాయి, వాళ్ళకివ్వాలి. ఆ పొగా, ఆ బూడిదా పిల్లలకి విషం."

"బూడిదా అండీ?" అంది తబిత.

"అవునమ్మా. ఏం చేస్తున్నారు దాన్ని?"

 చేట, పొద్దుటి మంచు, నిగనిగలాడే ఆకులు, గోరుముద్దలు అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. చెప్పింది. డాక్టరుగారు తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. "ఆ తోటలోది తినకండి, ఎవరికీ పెట్టకండి" అని మాత్రం అంది. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన హెలెన్‌ని ఒళ్ళో పడుకోబెట్టుకుని తబిత వెక్కి వెక్కి ఏడ్చింది. పక్క సీటావిడ ఎవరో ఏమిటో అడక్కుండానే మంచినీళ్ళ సీసా అందించింది. ఏడుపు అయ్యాక, చిత్రంగా, మనసు తేలికపడింది. ఇన్నాళ్ళూ పిల్లకి ఏమైందో తెలీదు. ఇప్పుడు తెలిసింది, ఆపడం తన చేతిలో ఉంది. చేతిలో ఉన్న పనంటే తబితకి భయం లేదు.

భయమంతా విజయ్ పాల్‌ది. జంగారెడ్డిగూడెంలో వెంకటరమణ అని పెద్ద పాతసామాన్ల వ్యాపారి, ఎక్కడో ఆఫీసులు మూసేస్తే వచ్చిన కంప్యూటర్లూ కేబుళ్ళూ లారీడు పంపిస్తానన్నాడు. సోమవారం దిగాలి. విజయ్ పాల్ ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న లోడు అది. "ఈ ఒక్క లోడూ కానియ్యి, తరువాత చూద్దాం. పొయ్యి ఆ మూలకి జరుపుకో, పిల్లని లోపల కూర్చోబెట్టు" అన్నాడు. తబిత కాల్చనంది. ఆయన వినిపించుకోలేదు. ఆయన ధ్యాసంతా ఆదివారం మీదుంది. ఆదివారం కోత పండుగ. "బుట్ట మామూలుగానే పెట్టు. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని ఊరంతా అడుగుతారు. ఏమని చెబుతావు? రేపు నా షాపు గుమ్మం ఎవడైనా తొక్కుతాడా?"

"అది విషమని డాక్టరుగారు చెప్పారు కదండీ."

"మనం తినొద్దులే. వాళ్ళు ఏడాదికోసారి తింటే ఏమైపోతారే?"

పదమూడేళ్ళ కాపురంలో ఎన్ని మాటలు విందో తబిత. చేసిన పులుసు బాగోలేదన్నాడు, పుట్టింటివాళ్ళకి మర్యాద తెలీదన్నాడు, ఖాళీగా ఉంటావన్నాడు. అన్నీ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. ఈ మాట మాత్రం వదల్లేకపోయింది. వీధిలో పిల్లలంతా కళ్ళముందు మెదిలారు. ఏడాదికోసారేంటి, వారం వారం కట్టలు పట్టుకెళ్ళేవాళ్ళే అందరూ. ఆయన మీద అసహ్యం వేసింది. అసహ్యం వేసినందుకు బాధా వేసింది, ఎందుకంటే మనిషి చెడ్డవాడు కాడు. భయం పట్టినవాడు. వాదించకుండా వెళ్ళి గిన్నెలు తోముకుంది. తోముకుంటూనే నిర్ణయించుకుంది.

ఆదివారం పొద్దున్న లేచేసరికి సంపూర్ణమ్మ తోటకూర కోసి బుట్ట నింపేసింది. "వద్దత్తయ్యా" అంటే ఆవిడ వినలేదు. "ఊరుకోవమ్మాయ్. మా అమ్మ బూడిదతో పళ్ళు తోముకుంది, మునిమనవల్ని ఎత్తుకుని మరీ పోయింది."

"ఆవిడ కట్టెల బూడిదతో తోముకుందత్తయ్యా. ఇది చార్జర్ల బూడిద."

సంపూర్ణమ్మ, "నీకు ఎటకారం ఎక్కువైంది" అని బుట్ట చంకనెత్తుకుని చర్చికి వెళ్ళిపోయింది.

ఆరాధన అయింది. బల్ల చుట్టూ గుమ్మడికాయలు, అరటిగెలలు, కొబ్బరికాయలు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజు, కుంచెడు కొత్త బియ్యం. వేలం మొదలయ్యేసరికి పండుగ సందడి వచ్చేసింది. పుంజు పాటకి అందరూ నవ్వారు. తబిత ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని, హెలెన్ చెయ్యి పట్టుకుని వేచి ఉంది. శ్యాంబాబు గారు బుట్ట పైకెత్తారు. "ఇదిగోనండీ, మీరంతా కాసుకుని కూర్చున్నది! విజయ్ పాల్ గారి తోటకూర!"

మొదటి పాట దీనమ్మది. సండే స్కూల్లో హెలెన్‌కి పాటలు నేర్పే ఆవిడ. "నాకు కావాలండి, మా అమ్మాయి పురిటికొచ్చింది, రక్తం తక్కువుందన్నారు" అంది. ఆవిడ పక్కన ఆ అమ్మాయి, ఎత్తైన కడుపుతో, సిగ్గుపడుతూ కూర్చుని ఉంది. ఇంకెవరో పాట పెంచారు. దీనమ్మ మళ్ళీ పెంచింది.

తబిత లేచి నిలబడింది.  మగవాళ్ళ వైపునుంచి విజయ్ పాల్ కళ్ళతోనే కూర్చోమన్నాడు.

"ఆ తోట ఆయనది కాదండి," అంది. "నాది."

శ్యాంబాబు గారు పకపకా నవ్వారు. "ఓర్నాయనో, ఇప్పుడు వాటాలు పంచుకుంటున్నారా! అలాగేనమ్మా, తబితమ్మ గారి తోటకూర! పాట పెంచండీ!" అందరూ నవ్వారు. తబితకీ కాస్త నవ్వొచ్చింది. ఎన్నేళ్ళనుంచో తన పేరుతో ఆ బుట్ట పైకి లేవాలని ఎంత కోరుకుంది! లేచింది, ఇవాళే లేచింది.

"పాడొద్దండి. ఎవరూ కొనొద్దు. పెరట్లో నేను వైర్లు కాలుస్తాను. ఆ బూడిదే ఆకుల మీద చల్లాను. దాంట్లో సీసం ఉందట, మా హెలెన్ రక్తంలోకి వచ్చింది. తెలీక చేశాను. ఇప్పుడు తెలిసింది. దీనమ్మగారూ, మీ అమ్మాయికి పెట్టకండి. మా ఇంటినుంచి పట్టుకెళ్ళినవాళ్ళంతా పిల్లల్ని ఒకసారి డాక్టరుకి చూపించండి."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పుంజు మాత్రం ఓసారి రెక్కలు కొట్టుకుంది. దీనమ్మ కూతురి కడుపు మీద చెయ్యి వేసి, "మొన్న పట్టుకెళ్ళిన గోంగూర కూడా అంతేనా తబితా?" అని అడిగింది. "అంతేనండి" అంది తబిత. తప్పించుకునే మాట ఒక్కటీ కలపలేదు. దీనమ్మ కళ్ళల్లో కోపం వచ్చింది. అది న్యాయమేననిపించింది. "రేపు ఏ డాక్టరు దగ్గరకి వెళ్ళాలో చెప్పు, నువ్వూ రా మాతో" అంది దీనమ్మ. వెనకనుంచి ఒకావిడ, "ఆ పొగకి మా బాబు దగ్గుతున్నాడని నేను ఎన్నిసార్లో అనుకున్నాను, అనడానికి మొహమాటపడ్డాను" అంది. పాస్టరు జీవరాజు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

అందరికంటే ముందు కదిలింది సంపూర్ణమ్మ. చాప మీదినుంచి మోకాళ్ళు పట్టుకుని లేచి, బల్ల దగ్గరకి నడిచి, శ్యాంబాబు గారి చేతుల్లోంచి బుట్ట తీసేసుకుంది. "బూడిద చల్లమన్నది నేనండి. నాకూ తెలీదు" అని అందరికీ వినబడేలా చెప్పింది. కోడలి పక్కనుంచి వెళుతూ మాత్రం గొంతు తగ్గించి, "చెప్పేదేదో కాస్త గట్టిగా చెప్పలేకపోయావా? వెనకవాళ్ళకి సగం వినపడలేదు" అని గొణిగింది. తబితకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఇంటికొచ్చాక విజయ్ పాల్ చొక్కా విప్పి అరుగు మీద కూర్చున్నాడు. "నా పరువు తీశావు" అన్నాడు. ఆ మాట కూడా గట్టిగా అనలేకపోయాడు. తబిత లోపలికి వెళ్ళింది. పిల్లకి గుడ్డు ఉడకబెట్టి పెట్టింది. తోటలోకి వెళ్ళి మొక్కలన్నీ వేళ్ళతో సహా పీకింది. పీకుతుంటే గుండె కలుక్కుమంది, అయినా ఆగలేదు. పొయ్యి రాళ్ళు ఒక్కొక్కటే ఊడదీసి గోడవార పేర్చింది. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని వచ్చి హెలెన్ పక్కన కూర్చుంది. గుడ్డులో పచ్చసొన వద్దని పిల్ల పేచీ పెడుతోంది. చాన్నాళ్ళకి పేచీ పెట్టే ఓపిక వచ్చిందని తబిత మురిసిపోయింది.

అరుగు మీద ఫోను మోగింది. విజయ్ పాల్ తెర మీద పేరు చూశాడు గానీ ఎత్తలేదు. ఫోనుకేసీ, తబితకేసీ మార్చి మార్చి చూశాడు.  తబితే వెళ్ళి ఎత్తింది.

"వెంకటరమణనండి. రేపు పొద్దున్నే లోడు దింపేస్తున్నాం. ఆయన్ని పిలవండమ్మా, షాపు సంగతి, ఆయనతోనే మాట్లాడాలి."

"షాపు ఆయనదేనండి," అంది తబిత. "పొయ్యి మాత్రం నాది. తీసేశాను."